చెలగాటము వారిది, ప్రాణసంకటము గుఱ్ఱమునది

ఏటేట వసంతము తిరుగుసరికి ఆంగ్లదేశపు పత్రికల కొక పండుగ వచ్చును. శరత్కాలమున బిగువెక్కిన కంచెల పందెములు ఏప్రిలు చివర శాండౌను మైదానమున ముగియును. ముగిసిన మఱునాటి నుండి విలేఖకులందఱును కలములు పట్టి ఆ యేటి ఘనకార్యములను, వానితో కలిపి ఆ యేటి తమాషాలను దండలుగా గ్రుచ్చి పాఠకుల మెడలో వేయుదురు. ఏ గుఱ్ఱ మెంత దూరమున గెలిచెను, ఏ జాకీ బురదలో బోరగిల పడెను, ఏ యజమాని తన గుఱ్ఱము గెలువదని నమ్మి మైదానమునకే రాకుండెను, ఇట్టివి.

మేమును వానిని చదువుచుందుము. నవ్వుచుందుము కూడ, దాచనేల? అయితే నవ్వు చల్లారిన పిదప ఒక ప్రశ్న మిగులుచున్నది. ఈ తమాషాలలో గుఱ్ఱము నవ్వదగిన తమాషా యొక్కటైన కలదా? పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని మనవారు ఊరక అనలేదు. పందెముల పక్షమువారు ఈ మాటకు చిన్నబుచ్చుకొందురు. మీరు దూరదేశపువారు, మీ కీ క్రీడ తెలియదు, మేము గుఱ్ఱములను బిడ్డలవలె పెంచుదుము అందురు. మంచిది. వారు చెప్పుకొని మురియు ముచ్చట్లనే తీసికొని పరిశీలింతము.

ఈ పందెమునకు పుట్టినిల్లు ఐర్లండు. 1752లో కార్కు మండలమున ఓకల్లహను, బ్లేకు అను ఇద్దఱు పెద్దమనుష్యులు బట్టెవంటు గ్రామపు చర్చి మొదలు డోనరెయిలు చర్చి వఱకు, సుమారు నాలుగున్నర మైళ్ళు, అడ్డు వచ్చిన కంచెగాని గోడగాని కాలువగాని చుట్టిపోక దాటిపోవలెనని పంతము వేసికొనిరి. దారికి గుఱుతు చర్చి శిఖరము. ఆ శిఖరమును ఆంగ్లమున స్టీపులందురు గనుక పందెమునకు స్టీపుల్ చేజు అను పేరు నిలిచినది. దేవుని యింటి శిఖరము కనబడినంతనే మన పల్లెటూరివాడు చేతులు జోడించును. ఆ పెద్దమనుష్యులకు పందెము వేయ బుద్ధిపుట్టెను. ఎవరి సంస్కారము వారిది.

ఈ జాతి పందెములలో తలమానిక మనబడునది లివర్పూలు సమీపమున ఎయింట్రీలో జరుగు గ్రాండ్ నేషనలు. నాలుగు మైళ్ళకు మించిన దూరము, దాటవలసిన కంచెలు ముప్పది. 1839లో అచ్చట గెలిచిన గుఱ్ఱము పేరు లాటరీ. పాఠకులు మేము పరిహాసమాడుచున్నామని తలపవలదు. అది దాని నిజమైన పేరు. క్రీడ తన స్వరూపమును తానే యింత స్పష్టముగా చెప్పుకొనుట అరుదు. ఆ నాడే డిక్టేటరను గుఱ్ఱము పడి ప్రాణము విడిచెను. ఆ నాడే కెప్టెను బెచరను రౌతు వాగులో పడి, తలపైనుండి గుఱ్ఱములు దాటిపోవుచుండగా నీటిలో నక్కి యుండెను. విస్కీ కలపని నీరింత రుచి తక్కువగా నుండునని తా నెఱుగనని యాతడు లేచి చెప్పినట్లు నేటికిని చెప్పుకొందురు. వాగునకు బెచరు పేరే పెట్టిరి. ఆ పేరు నూటయెనుబదియేండ్లకు పైగా పత్రికలలో నలుగుచున్నది. డిక్టేటరు పేరున కంచెయు లేదు, వాగును లేదు. తమాషా చేసినవానికి శాశ్వతకీర్తి, చచ్చినదానికి మఱపు. ఈ సంప్రదాయ మంతయు మొదటినాడే యేర్పడినది.

1928 నాటి ముచ్చట వినుడు. బయలుదేరినవి 42 గుఱ్ఱములు. కాలువ మలుపు కడ ఈస్టర్ హీరో యను గుఱ్ఱము కంచెపై చిక్కుకొనగా వెనుక వచ్చినవి వచ్చినట్లే గుంపుగా ఆగియు పడియు చెదరినవి. తుదకు పందెము ముగించినవి రెండే. అందొకటి చివరి కంచెకడ పడి, మరల రౌతు నెక్కించుకొని వచ్చినది. గెలిచినది టిప్పరరీ టిమ్. దానిపై నూటికొకటి చొప్పున పందెము పలికినది. దాని రౌతు డట్టను వృత్తిచే న్యాయవాది, వినోదార్థము స్వారిచేయువాడు. బయలుదేరునప్పుడు మిత్రుడొకడు, తక్కినవన్నియు పడిపోయిననే నీవు గెలుతువని కేకవేసెనట. ఆ శాపమో దీవెనయో అక్షరాల ఫలించినది.

అంతకంటె పేరుపడినది 1967 నాటిది. ఈ యొక్క కథను మేము కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. ఏలయన పందెములవారి సమర్థన మంతయు ఇందే వెలియగుచున్నది. ఆ యేడు 44 గుఱ్ఱములు బరిలో నిలిచినవి. ఫోయినవన్ అను గుఱ్ఱముపై నూటికొకటి పలికినది. దానిపై ఆశ యెవరికిని లేదు. యజమాని యెయింట్రీకి రాలేదు. శిక్షకుడు సయితము వేఱొకచోట, వూస్టరులో, మఱొక గుఱ్ఱము నెక్కి పందెమునకు పోయెను. రెండవ చుట్టున ఇరువదిమూడవ కంచె వచ్చినది. అది యా మైదానమున మిగుల చిన్న కంచెలలో నొకటి. రౌతు నెప్పుడో విడిచివేసి ఒంటరిగా పరుగెత్తుచున్న పోఫం డౌను అను గుఱ్ఱము కంచెకడకు వచ్చి, దాటనొల్లక, అడ్డముగా తిరిగెను. వెనుకనున్నవి దానిపై, వానిపై మఱికొన్ని. జాకీలు కంచెకు ఆవలికి ఎగిరిపడిరి, గుఱ్ఱములు ఈవలనే నిలిచినవి. కొందఱు కళ్లెములు వెదకుకొనుచు, కొందఱు తమదికాని గుఱ్ఱమును పట్టుకొనుచు గందరగోళపడిరి. అందఱికంటె వెనుకబడి తాపీగా వచ్చుచున్న ఫోయినవన్‌ను బకింగ్‌హాం అను జాకీ సందు చూచి ఒక ప్రక్కగా దాటించెను. అంతే. తక్కినవారు తేరుకొనులోపల అతడు చాల దూరము పోయెను. ప్రభుత్వ టోటులో ఫోయినవన్‌పై వేసినవారికి ఒకటికి 444 వంతున ముట్టినది. 1984లో ఆ కంచెకు ఫోయినవన్ పేరు పెట్టిరి.

పందెములవారు తఱచు చెప్పు మాట యొకటి కలదు. గుఱ్ఱమునకు పరుగన్న ప్రీతి, రౌతు పడిపోయినను అది పరుగెత్తుచునే యుండును, చూడుడు అందురు. మంద వెంట పరుగెత్తుట గుఱ్ఱపు నైజము; అది కంచెపై ప్రీతి యెట్లగును? ఆ నాడు పోఫం డౌను వీపుపై కొరడా లేదు, నోట కళ్లెమును లాగు చేయి లేదు. కంచె ముందునకు వచ్చి నిలిచి ఆలోచించుకొని ప్రక్కకు తొలగెను. గుఱ్ఱముల అభిప్రాయమును సేకరింపవలెనన్న అంతకంటె స్పష్టమైన సాక్ష్యము మాకు కనబడదు. ఆ సాక్ష్యమునే లోకము అర్ధశతాబ్దమునకు పైగా హాస్యకథగా చెప్పుకొనుచున్నది!

1956లో రాజమాత ఎలిజబెత్తు గుఱ్ఱము డెవన్ లాక్ అందఱికంటె ముందుండి, గెలుపుగుంజ యిక ఏబది గజములలో నుండగా, కంచెలేని చదునునేలపై కారణము లేక కాళ్ళు చాచి బొక్కబోర్ల పడెను. అంతటి సామ్రాజ్యపు కిరీటము సయితము గుఱ్ఱపు నాలుగు కాళ్ళకు ఆజ్ఞ యీయజాలకపోయెనే యని మావంటి వారికి కొంత వినోదము కలుగుట సహజము. డెవన్ లాక్ తరువాత లేచి నడిచినది గనుక ఆ నవ్వునకు మేము సిగ్గుపడము. దాని జాకీ డిక్ ఫ్రాన్సిసు తరువాతి కాలమున నేరపరిశోధక నవలలు వ్రాసి లోకప్రసిద్ధుడయ్యెను; ఆ నాటి యపరాధిని మాత్రము పట్టలేకపోయెను.

ఇక 1993. బయలుదేరు తాడు సరిగా లేవక ఒక జాకీ మెడకు చుట్టుకొన్నది. ఆగుమని సంజ్ఞ చేసిరి. 39 గుఱ్ఱములలో 30 ఆ సంజ్ఞను గమనింపక సాగిపోయినవి. పందెము లేదని యధికారులు, ఉన్నదని జాకీలు! ఏడు గుఱ్ఱములు ముప్పది కంచెలును దాటి గమ్యము చేరినవి. ముందు వచ్చిన ఈషా నెస్ జాకీ తాను గెలిచితినను సంతోషముతో చేయెత్తబోవ, పందెము రద్దయిన దని చెప్పిరి. అప్పుడు జనులు పెట్టిన పందెపుసొమ్ము ఏడున్నర కోట్ల పౌనులు తిరిగి యిచ్చివేసిరి. న్యాయము జరిగినది. అయితే ఆ నాలుగు మైళ్ళు ఊరక పరుగెత్తిన గుఱ్ఱముల ఊపిరి నెవరు తిరిగి యిచ్చిరి?

ఇంతవఱకు నవ్వు. ఇక ఆ ముచ్చట్లలో చేరని పుటను తెఱువవలెను. 1954లో ఆ యొక్క పందెముననే నాలుగు గుఱ్ఱములు చచ్చినవి. దేశమున కలకలము పుట్టినది. తుదకు 1961లో కంచెల ముందుభాగమును ఏటవాలు చేసిరి. 1989లో బెచరు వాగుకడ రెండు గుఱ్ఱములు చచ్చినవి. అప్పుడు గాని ఆ వాగు గుంట పూడ్పింప బుద్ధి పుట్టలేదు. 2011లో మరల రెండు చచ్చినవి. రెండవ చుట్టున గుఱ్ఱములను రెండు కంచెల ప్రక్కగా మళ్ళించిరి. ఏలయన కంచెల కావల కళేబరములు పడియున్నవి. దూరదర్శనమున లోకమంతయు ఆ దృశ్యమును చూచెను. 2012లో మరల రెండు. అందొకటి సింక్రొనైజ్డు, ఒక్క నెల ముందు చెల్టెన్‌హాములో గోల్డు కప్పు గెలిచి జయజయధ్వానము లందుకొన్నది. 2013లో కంచెల లోపలి కొయ్యగుంజలను తీసివేసి మెత్తని ప్లాస్టికు పుల్లలు పెట్టిరి.

ఆ మీద నేమైనది? 2013 మొదలు 2018 వఱకు ఆఱేండ్లు ఆ పందెమున ఒక్క గుఱ్ఱమును చావలేదు. పాఠకులు ఈ మాటను మరల నొకసారి చదువ ప్రార్థన. తరతరములుగా ఇది విధి, ఇది క్రీడయందలి సహజమైన ప్రమాదము, గుఱ్ఱము పచ్చికబయలునందైనను కాలు విఱుగగొట్టుకొనును అని చెప్పుచు వచ్చిన వాదమేమైనది? కొయ్యగుంజ తీసిన విధి తొలగినదా? అట్లయిన ఆ విధిని అచ్చట పాతినవా రెవరు?

మా ఫిర్యాదునకు మూల మిదియే. జాకీలు క్రూరులని మేమనము. వారును తమ యెముకలు విఱుగగొట్టుకొనుచున్నారు. గుఱ్ఱము చచ్చిన రాత్రి లాయములోని సేవకుడు తిండి మానునని మేమెఱుగుదుము. మేమనునది వేఱు. మార్పు చేసిన మరణము తగ్గునని తెలిసియు, లోకము ఛీ యనువఱకు మార్పు చేయకుండుట ప్రమాదము కాదు, నిర్ణయము.

2019లో, 2021లో, 2022లో మరల చావులు వచ్చినవి. 2023 ఏప్రిలు 15న జంతురక్షణ పక్షమువారు మైదానములో చొఱబడి కంచెలకు తమ్ము బంధించుకొన జూచిరి. పోలీసులు 118 మందిని నిర్బంధించిరి. పందెము పావుగంట యాలస్యమైనది. మొదలైనంతనే మొదటి కంచెకడ హిల్ సిక్స్టీన్ పడి చచ్చెను. ఆందోళనవలననే గుఱ్ఱము బెదరినదని దాని శిక్షకుడు నిందించెను. ఆ మాటలో కొంత నిజ ముండిన ఉండవచ్చును, మేము కాదనము. కాని ఆఱునెలలు గడవక మునుపే ఎయింట్రీ యధికారులు పందెపు గుఱ్ఱముల సంఖ్యను 40 నుండి 34కు దింపిరి, మొదటి కంచెను బయలుదేరు చోటికి 60 గజములు దగ్గఱకు జరిపి అచ్చటికి చేరు వేగమును తగ్గించిరి, పదునొకండవ కంచె ఎత్తు తగ్గించిరి. చెఱసాలకు పోయినవారు వెఱ్ఱివారైనచో వారనంతరము ఈ తెలివి యెవరి పుణ్యము?

2024లో ఫలితము చూడుడు. పడిన గుఱ్ఱముగా లెక్కకెక్కిన దొక్కటియు లేదు. అన్నియు ప్రాణములతో ఇల్లు చేరినవి. ముందటేటి విజేత కొరాక్ రాంబ్లరు మొదటి కంచెకడనే తన జాకీని నేలకు దింపినది. ఆ యేటి తమాషా అది. అట్టి తమాషాలు వేయి జరుగనిండు, మేమును చప్పట్లు కొట్టుదుము.

ఎక్కడి యెయింట్రీ, ఎక్కడి ఆంధ్రదేశము, మీకీ రభస యేల యని కొందఱు మిత్రు లడుగవచ్చును. కంచెల పందెములు మనయొద్ద లేవు, నిజమే. మన మైదానములవి చదును పందెములు. కాని విత్తన మొకటే. మదరాసు గిండీలో పందెములు 1777 నాటివి. హైదరాబాదులో ఆఱవ నిజాము కాలమున 1886లో మలక్‌పేటకు వచ్చినవి. దొర పోయెను, నవాబు పోయెను, పందెము నిలిచినది. గిండీలో నూటయఱువది యెకరములు 1946 మొదలు తొంబదితొమ్మిది యేండ్లకు, ఏటికి ఆఱువందల చిల్లర రూపాయల కవులుకు క్లబ్బువారి కిచ్చిరి. మదరాసులో బీదవాని గుడిసె క్రింది నేలకును ఇంత చవుక యెన్నడు నుండియుండదు. 2024లో తమిళనాడు ప్రభుత్వ మా కవులును రద్దుచేసినది.

అంతకుముందు 1974లో ఆ ప్రభుత్వమే పందెములను నిషేధించుచు శాసనము చేయగా, 1996లో సుప్రీంకోర్టు గుఱ్ఱపు పందెము జూదము కాదు, నైపుణ్యముతో గూడిన క్రీడ యని తీర్పు చెప్పినది. న్యాయమూర్తుల పాండిత్యమునకు మేము శిరసు వంచుదుము; కాని ఫోయినవన్‌పై పందెము వేసినవాని నైపుణ్య మెట్టిదో మాకు బోధపడలేదు. మన భారతమున నలుడు అశ్వహృదయ మెఱిగినవాడు, అక్షహృదయ మెఱుగనివాడు. అందుచేతనే గుఱ్ఱములను గెలిచి పాచికలకు రాజ్య మోడెను. ఋతుపర్ణునితో విద్యకు విద్య మార్చుకొన్న తరువాత గాని కలి యాతని విడువలేదు. రెండును వేర్వేఱు విద్యలని, ఒకటి వచ్చినంత రెండవది రాదని మన పూర్వులకు తెలియును. మలక్‌పేటలో జీతము రాళ్ళు చేతబట్టుకొని కిటికీ ముందు నిలుచు గుమాస్తాకు ఏ హృదయము తెలియును? గుఱ్ఱము దంతములనైన చూచినవాడు కాడే!

ఇక ప్రభుత్వమువారి సంగతి. కోర్టు నైపుణ్య మన్నదానిపై 2023 అక్టోబరు నుండి పందెపు మొత్తముమీద నూటికి 28 వంతున, 2025 సెప్టెంబరు నుండి నూటికి 40 వంతున పన్ను విధించిరి. ఆ నలుబది వంతుల పట్టికలో గుఱ్ఱపు పందెము ప్రక్కనే కూర్చున్న దేది? లాటరీ. 1839లో ఎయింట్రీలో మొదట వచ్చిన ఆ పేరు మన ఖజానా పుస్తకమున సరియైన తావు చేరినది. పన్ను వేయుట తప్పని మేమనము. పాపమని పన్ను వేయుచు, క్రీడయని బహుమానపు కప్పులు పంచిపెట్టుట మాత్రము మాకు జీర్ణము కాలేదు.

మరల ఎయింట్రీకి పోదము. 2025 ఏప్రిలు 5న నిక్ రాకెట్ గెలిచెను. ప్యాట్రిక్ మలిన్సు స్వారి, అతని తండ్రి విల్లీ మలిన్సు శిక్షణ. మొదటి మూడు స్థానములును ఆ తండ్రి లాయమునకే దక్కినవి. కుమారుడు గెలుచుట చూచి ఆ ముదుసలి కన్నీరు మున్నీరుగా ఏడ్చెను. మాకును కన్ను చెమర్చినది. ఆ యేటి ముచ్చటల కెల్ల అది మకుటము. అదే పందెమున సెలెబ్ర్ దాలెన్ అను పదమూడేండ్ల గుఱ్ఱము కొంతసేపు అందఱికి ముందుండి, పిదప సత్తువ చాలక, పందెము చివర కూలినది. మూడుదినములకు చచ్చినది. ఊపిరితిత్తులకు సోకిన తీవ్రవ్యాధి కారణమని తరువాత పరీక్షలో తేల్చిరి. గుఱ్ఱమున శక్తి యుడిగినదని తెలిసియు నడిపించినందుకు జాకీకి పదిదినముల స్వారి నిషేధము విధించిరి. తండ్రి కన్నీటిని ఎన్నో పత్రికలు మొదటి పుటలో వేసినవి.

మన క్లబ్బులవా రిది చదివి, మాయొద్ద కంచెలు లేవు, మాకీ పాపము లేదందురేమో. అట్లయిన మాదొక చిన్న విన్నపము. గెలిచిన గుఱ్ఱముల పట్టికలు మీ రెట్లును అచ్చువేయుచున్నారు. వానితోపాటు ఏటేట మలక్‌పేటలో, గిండీలో పరుగు చాలించిన గుఱ్ఱము లెన్ని, కాలు విఱిగి కాల్చివేయబడిన వెన్ని, తక్కినవి యెవరి చేతికి పోయినవి, ఏ బండికి కట్టబడినవి, ఏ పెండ్లి యూరేగింపులో నిలిచినవి, పేరు పేరున అచ్చువేయుడు. ఒక పుట చాలును. లెక్క సరిగా నున్నచో ఆ పట్టికను మేమే ఈ పుటపై ఉచితముగా ప్రకటింతుము.